బాదంపాల సంచి

నానిన బాదంగింజను నొక్కగానే తొక్క నా వేళ్ళ మధ్యే ఉండిపోయి, గింజ ఎగిరి స్టవ్ కిందికి దూరింది.

"పోనీలే, తాగడానికి ఒకటి తగ్గింది," అన్నాడు నాన్న మంచం మీంచి.

"తగ్గలేదు. ఇంకోటి వేస్తున్నా."

కడుపు ఆపరేషనయ్యాక నాన్నకు గట్టి తిండి దిగడం లేదు. మామూలు పాలు పడటం లేదు. ఒంట్లోకి కాస్త బలం వస్తే తప్ప మిగతా చికిత్స మొదలుపెట్టనని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. బాదంపాలు, కూరగాయల రసాలు ఇవ్వొచ్చా అని అడిగితే, ఇవ్వమంది. ఏదో ఒకటి లోపలికి వెళ్ళాలి, అదే ముఖ్యం అంది.

అంతే, కుట్టుమిషను పక్కన మిక్సీ వచ్చి కూర్చుంది.

క్యారెట్ రసం ఇస్తే, "నన్ను గుర్రం అనుకున్నావా?" అన్నాడు.

బీట్‌రూట్ రసం ఇస్తే గ్లాసు వంక చూసి, "ఎవర్ని పొడిచొచ్చావే?" అన్నాడు. రెండు గుక్కలు తాగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మొండివాడైతే నేను ఆయన కూతుర్ని.

బాదంపాలు ఒక్కటే కాస్తో కూస్తో దిగేవి. కానీ నలుసు తగిలితే చాలు, దగ్గు. జల్లెడ పనికిరాలేదు. మేమిద్దరం దర్జీలం, మా కొట్లో గుడ్డకు కరువా? మెత్తటి తెల్ల గుడ్డ తీసి, అంచులు లోపలికి మడిచి, దిట్టంగా రెండు వరసల కుట్టేసి పాలు వడగట్టే సంచి తయారుచేశాను. పైకి ఒక్క పోగు కనబడితే ఒట్టు.

మొదట్లో బాగానే ఉంది.

ఒక పొద్దున నాన్న గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "పులిసిపోయాయి."

"ఇప్పుడే తీసిన పాలు నాన్నా! ఎలా పులుస్తాయి?"

"ఇంక నావల్ల కాదు. నన్నిలా వదిలెయ్యి అమ్మడూ."

కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

నాకు భయమేసింది. భయమేస్తే నాకు నోరు లేస్తుంది.

"వదలను గాక వదలను! నువ్వు తాగేదాకా ఇక్కడే కూర్చుంటా. కొట్టు మూతపడితే పడనీ!" అంటూ చేతిలోని తడి సంచిని మంచం మీదికి విసిరికొట్టాను.

నాన్న దాన్ని తీసి పక్కన పడేయబోయి ఆగాడు.

అంచు తడిమాడు. మడతను గోటితో గీరి వాసన చూశాడు. మొహం చిట్లించాడు.

"ఎవరు కుట్టారిది?"

"ఇంకెవరు కుడతారు? నేనే."

"నా దగ్గర పని నేర్చుకున్నదానివేనా నువ్వు? చొక్కా అనుకున్నావా, కుట్టు లోపల దాచడానికి? మడతలో పిప్పి ఇరుక్కుంటే ఎంత ఉతికినా పోతుందా? కుళ్ళిపోదూ?"

ఆ గొంతు! బొత్తాం కాజా వంకరపోతే వీధి చివరిదాకా వినిపించే గొంతు. ఆపరేషనయ్యాక మళ్ళీ ఇప్పుడే విన్నాను. తిట్లు తింటూ నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు.

"ఇకిలించింది చాల్లే. కత్తెర ఇటియ్యి."

గోడ పట్టుకుని లేచాడు. చెయ్యి అందించబోతే, "జరుగు" అన్నాడు.

మిషను ముందు కూర్చుని కొత్త గుడ్డ కత్తిరించాడు. మూలలు గుండ్రంగా తిప్పాడు. ఒక పక్క కుట్టేసరికి ఆయాసం వచ్చి మిషను మీద తల వాల్చాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అలా నిలబడటం ఎంత కష్టమో నాకే తెలుసు.

కాసేపటికి తలెత్తి రెండో పక్క కుట్టాడు. కుట్లన్నీ బయటికే. చూడ్డానికి పరమ వికారంగా ఉంది.

సంచిని వేడినీళ్ళలో ఉతికి, మిగిలిన బాదం రుబ్బి వడగట్టాను. గ్లాసు తెచ్చి మిషను మీదే పెట్టాను.

మధ్యమధ్య ఆగుతూ, మొత్తం తాగాడు.

మూతి తుడుచుకుని, "ఈ సంచి ఆరేలోపు వాడుకోవడానికి ఇంకోటి ఉండాలి కదే. గుడ్డ ఉందా?" అన్నాడు.

కొట్లోకి పరిగెత్తి గుడ్డ తాను మొత్తం ఎత్తుకొచ్చాను.