రాక్షసరాజు భోజనం

పద్యం సగంలో ఉండగానే వెంకటసుబ్బారావు స్టేజీ ఎక్కి, రాక్షసరాజు వేషంలో ఉన్న ఇష్తియాక్ నెత్తిమీది కిరీటం తీసేశాడు.

"ఇది నాటకమా, దర్గాలో ఉరుసా? పద్యం ఇలా పాడతారటయ్యా? దిగు, దిగు."

మైకు ఆన్‌లోనే ఉంది. జనం గొల్లున నవ్వారు.

పామర్రులో ఏటేటా నాటకోత్సవాలు నడిపేది ఆయనే. రైసు మిల్లు యజమాని. ఆయన మాటకు ఎదురు లేదు. ఆడవాళ్ల వైపు కూర్చున్న ఇష్తియాక్ తల్లి జైతూన్ బీ ఒక్కతే నవ్వలేదు. ముఖాన రంగు కూడా తుడుచుకోకుండా కొడుకు ఆమె వెంట విజయవాడ బస్సెక్కాడు.

ఇష్తియాక్‌కి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. తండ్రి ఉరుసుల్లో ఖవ్వాలీలు పాడేవాడు. ఆ గొంతే కొడుక్కి వచ్చింది. పద్యం ఎత్తుకుంటే చాలు, రాగం చివర ఆ జారుడు, ఆ వేడుకోలు వాటంతటవే వచ్చేసేవి.

"వాడి పళ్లు రాలగొడతానమ్మీ," అన్నాడు బస్సులో.

"పళ్లు రాలితే కట్టించుకుంటాడు. ఊళ్లో తలెత్తుకోకుండా చెయ్యి. ఈ వేషంతోనే చెయ్యి," అంది జైతూన్ బీ.

అప్పటి నుంచి సెలవు దొరికితే ఇష్తియాక్ పామర్రు వెళ్లేవాడు. మిల్లు ఎదురుగా టీకొట్లో కూర్చునేవాడు. వెంకటసుబ్బారావు ఎలా నడుస్తాడో, హమాలీలను ఎలా పిలుస్తాడో, కోపం వచ్చే ముందు కళ్లజోడు ఎంత నిదానంగా తుడుచుకుంటాడో చూస్తూ ఉండేవాడు.

తర్వాత విజయవాడలో వేరే నాటక సమాజంలో చేరి మళ్లీ అదే వేషం కట్టాడు.

అంతవరకూ రాక్షసరాజంటే గద, కోరమీసం, పెడబొబ్బలు. ఇష్తియాక్ రాక్షసరాజు అరవడు. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. నవ్వుతాడు. "ఏమ్మా, బాగున్నావా" అన్నంత మెత్తగా మాట్లాడి మనిషిని నలిపేస్తాడు. ఆపైన తండ్రి గొంతుతో పద్యం అందుకుంటాడు. అంత తీయటి పాటలో అంత విషం ఎవరూ వినలేదు. గుడివాడలో, తెనాలిలో వన్స్‌మోర్లు పడ్డాయి.

పామర్రు నుంచి వచ్చినవాళ్లు మాత్రం మొదటి ప్రవేశంలోనే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఇదేంటి, అచ్చం మన సుబ్బారావు గారే."

ఇక ఆయన బజార్లో కనిపిస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు రాక్షసరాజు పద్యం ఎత్తుకునేవారు. తిరిగి చూస్తే అందరూ పెద్దమనుషులే.

చివరికి అదేంటో తేల్చుకుందామని ఆయనే వచ్చాడు. విజయవాడలో సాయంత్రం ఆట. భార్య రాజ్యలక్ష్మితో కలిసి ముందు వరసలో కూర్చున్నాడు.

భోజన ఘట్టం వచ్చింది. రాణి వడ్డించింది. రాక్షసరాజు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. రాణి వైపు చూసి నవ్వాడు. చిటికెన వేలితో కంచాన్ని నెమ్మదిగా పీట అంచు దాకా తోశాడు. ఇంకాస్త తోశాడు. అది నేల మీద బోర్లా పడింది.

"కుక్కకి పెట్టు తల్లీ. అది తినకపోతే నువ్వు తిను," అన్నాడు ఎంతో ప్రేమగా.

హాలు బిగుసుకుపోయింది. అంతలో వెనక వరసల్లోంచి "సుబ్బారావు గారూ, వన్స్‌మోర్" అని కేక వినిపించింది. జనం విరగబడి నవ్వారు.

వెంకటసుబ్బారావు మొహం నల్లబడింది. రాజ్యలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి పక్క సీట్లో ఆవిడ "పాపం" అంది.

ఆట అయ్యాక ఆయన గ్రీన్‌రూమ్‌లోకి వచ్చాడు. కళ్లజోడు తీసి నిదానంగా తుడుచుకున్నాడు.

"నా నడక చూసుంటావు. మాట వినుంటావు. మా గడప ఎప్పుడూ తొక్కనివాడివి, కంచం సంగతి నీకెలా తెలిసింది?"

"వేషం కట్టేవాణ్ణండీ. ఊహించుకున్నాను," అన్నాడు ఇష్తియాక్ రంగు తుడుచుకుంటూ.

"పదండి, బీపీ పెరుగుతుంది," అంటూ వెనకే వచ్చిన రాజ్యలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది.

దుర్గమ్మ దర్శనానికని ఏడాదిగా ప్రతి శుక్రవారం విజయవాడ వచ్చి, జైతూన్ బీ వంటింట్లో కూర్చుని, చిటికెన వేలు ఎక్కడ ఆనించి కంచం ఎలా తొయ్యాలో ఇష్తియాక్‌కి దగ్గరుండి నేర్పింది ఆవిడే.