పేరు లేని ప్లేటు

“ఆ గొంతు జిలాన్‌దే. కాదని తేలితే కత్తెర పట్టే ఈ చెయ్యి నరుక్కుంటా” అన్నాడు నాగప్ప.

“నరుక్కో! యేసన్న గొంతు నాకు తెల్దా?” అంటూ తిప్పయ్య గ్రామఫోను పెట్టెకు మళ్లీ కీ ఇచ్చాడు.

ప్లేటు వచ్చినప్పటి నుంచి బత్తలపల్లెలో తిప్పయ్య టీ హోటల్లో ఇదే తగువు. అది వానను పిలిచే పాట. గార్లదిన్నె బ్యాండు మేళం బెంగళూరు పోయి పాడిన పాట. మేళంలో పాడేవాళ్లు ఇద్దరే. ఒకడు విడపనకల్లు జిలాన్, ఇంకొకడు గార్లదిన్నె యేసన్న. పాట ఎక్కించి తిరిగొస్తుంటే లారీ బోల్తా పడి ఇద్దరూ పోయారు. మేళం పెద్దతో సహా మిగతావాళ్లూ పోయారు. ప్లేట్లు అంగళ్లకు రానే లేదు. ఆ తర్వాత కంపెనీ కూడా మూతబడింది. మూడేళ్లకు దాని పాత సామాన్లలోంచి ఒక మచ్చు ప్లేటు సంపాదించి, తెలిసిన లారీ డ్రైవరు నాగప్పకు తెచ్చిచ్చాడు. దాని మీద ఏ పేరూ లేదు. పాడింది ఎవరో చెప్పే మనిషీ మిగల్లేదు.

నాగప్ప దర్జీ. మేళానికి ఎర్రకోట్లు కుట్టింది అతనే. జాతర ఎక్కడ జరిగినా అంగడి మూసి మేళం వెంట పోయేవాడు. పెళ్లాం చచ్చిపోయిన కొత్తలో, ఎవరితోనూ మాట్లాడక మిషను ముందు శిలలా కూర్చున్న నాగప్ప కోసం జిలాన్ అంగడి మెట్టు మీద చేరి, పొద్దు గుంకేదాకా పాడాడు. అడగని పాట. ఆ రోజే నాగప్ప మళ్లీ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“మేఘమా అనేతప్పుడు గొంతు వణికె చూడు. ఆ వణుకు జిలాన్‌ది కాదా?”

“చర్చిలో పాడి పాడి సాగిన గొంతప్పా అది. ఆ సాగదీత యేసన్నకు తప్ప ఎవురికొస్తాది?”

టీ తాగేవాళ్లంతా రెండుగా చీలారు. మాట మాట పెరిగింది. “చచ్చినోని పాటను ఇంకొకనికి కట్టబెడతావా?” అని నాగప్ప గ్లాసు విసిరేసి పోయాడు. మళ్లీ హోటలు గడప తొక్కలేదు. చిన్ననాటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు, ఎదురుపడితే తలలు తిప్పుకున్నారు.

చివరికి తిప్పయ్యే వచ్చి అంగడి ముందు నిలబడ్డాడు.

“యేసన్నకు నా అనేటోళ్లు ఎవురూ లేరు. జిలాన్ తల్లి విడపనకల్లులో ఉండాదంట. కన్నతల్లికి తెలీని గొంతా? పోదాం పా. ఆయమ్మ ఏమంటే అదే. ముందుగా మాత్రం నువ్వేమీ చెప్పగూడదు.”

గ్రామఫోను పెట్టెను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో పోయారు. దారి పొడుగునా చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఆ ఏడూ వాన మొహం చాటేసింది.

జైతూన్ బీ ఇంటి తలుపు తీసే ఉంది. “అమ్మా!” అని ఇద్దరూ మార్చి మార్చి పిలిచారు. ఆమె వీపు ఇటు పెట్టి శనక్కాయలు ఒలుచుకుంటోంది. నాగప్ప లోపలికి పోయి ఎదురుగా నిలబడేసరికి ఉలిక్కిపడింది.

“ఎవురు నాయనా?”

“బత్తలపల్లె నుంచి వచ్చినామమ్మా. మేళం వాళ్లు బెంగళూరులో పాడిన పాట తెచ్చినాం.”

ఆమె అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు. “బెంగళూరులోనా?” అని గట్టిగా అడిగింది. ఒళ్లో చాట జారి పప్పంతా నేలపాలయింది.

“ఇంట్లో గూడా పాడేవాడా అమ్మా?” అన్నాడు తిప్పయ్య, అటు తిరిగి పెట్టె సర్దుతూ.

ఆమె బదులు చెప్పలేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లిని అడిగే మాటేనా అది అనుకుని, నాగప్ప అతనికి సైగ చేశాడు.

పాట మొదలయింది. జైతూన్ బీ దగ్గరికి జరిగి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. తిరుగుతున్న ప్లేటును చూసింది. తిప్పయ్యను చూసింది. అతను పెదవి కొరుక్కుని నేల చూపులు చూస్తున్నాడు. నాగప్పను చూసింది. మేఘమా అన్న చోట నాగప్ప నిలవలేకపోయాడు. తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పాట అయిపోయింది. ముల్లు గరగరమంటున్నా ఆమె చెయ్యి తియ్యలేదు. తిప్పయ్య ప్లేటు ఆపినాకే తీసింది.

అతను ఆమె ఎదుట గొంతుక్కూర్చుని అడిగాడు. “పాడింది ఎవురమ్మా?”

ఆమె నాగప్ప తడి కళ్లలోకి చాలాసేపు చూసింది.

“నా బిడ్డే” అంది. “నా జిలానే.”

తిప్పయ్య తల వాల్చాడు. నాగప్ప సరేనని తలూపితే, ప్లేటు తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

“పెట్టె గూడా ఈడే ఉండనీ అమ్మా. బిడ్డ మతికొచ్చినప్పుడల్లా విను.” కీ ఇచ్చేదీ ముల్లు ఆనించేదీ దగ్గర కూర్చుని నేర్పించాడు. ఆమె ఇద్దరి తలలూ నిమిరింది.

“పెట్టె లేకుంటే నీ హోటలుకు ఎవురొస్తారు?” అన్నాడు నాగప్ప, రోడ్డు మీదికొచ్చాక.

“రాకపోతే పోనీలే. ఇన్నేండ్లు బిడ్డ గొంతు లేకుండా బతికింది ఆ తల్లి.”

నాగప్ప అతని భుజం మీద చెయ్యి వేశాడు. చాలా రోజుల తర్వాత.

బస్సు కోసం నిలబడి ఉంటే నీళ్ల బిందెతో ఒకామె ఎదురొచ్చింది. జైతూన్ బీ పక్కింటి గంగక్క.

“మా జైతూన్ బీ ఇంటికొచ్చినోళ్లు మీరేనా? ఏం పని మీద?”

“ఆమె కొడుకు పాడిన పాట తెచ్చిచ్చినామక్కా” అన్నాడు నాగప్ప, ముఖం విప్పార్చుకుని. “పాడింది జిలానే అని గుర్తుపట్టింది. ఇంక దినామూ వినుకుంటాది.”

గంగక్క బిందె దించి, ఇద్దరి వంకా వింతగా చూసింది.

“కొడుకు పోయిన ఏడే జరమొచ్చి ఆమెకు చెవులు పోయినాయి గదప్పా.”