మూడో కిటికీ ముందు రాయి

తమ్ముడు పడిపోయిన రోజుకి కొత్త రైల్వే స్టేషను హాలుకు ఒక్క కమానే మిగిలి ఉంది.

మహాయుద్ధం ముగిసిన పదేళ్ళకు కడుతున్న స్టేషను అది. పాత ఇటుకల కట్టడాన్ని కూల్చి, ఉక్కుతో, కాంక్రీటుతో, అద్దాలతో కొత్తది లేపుతున్నారు. ప్రారంభం తేదీ ముందే ఖాయమైపోయింది. అందుకే ఆ ఉదయం ఇంజనీరు కింద నిలబడి కేకలు వేశాడు.

"సాయంత్రానికి కమాను మూసెయ్యాలి. చూస్తారేం? ఎక్కండి, ఎక్కండి!"

తమ్ముడు ఎక్కాడు. మధ్యాహ్నం కాకముందే పరంజా ఒక పక్కకు ఒరిగింది. యాభై అడుగుల కింద రాళ్ళు పరిచి ఉన్నాయి. అన్న పరుగెత్తుకొచ్చేసరికి తమ్ముడి చేయి తాపీని ఇంకా వదల్లేదు.

విచారణ రెండు రోజుల్లో ముగిసింది. తాడు ముడి జారిందన్నారు. శిల్పులూ, తాపీవాళ్ళూ, కూలీలూ కలిసి ముప్ఫైమంది కట్టిన పరంజా. ఏ ముడి ఎవరిదో తేలలేదు.

"ముడి ఎవడేస్తే ఏం బావగారూ? తొందరపెట్టిందెవరో అందరూ చూశారు," అంది మరదలు. పెళ్ళై మూడేళ్ళు నిండలేదు. ఏడవడం మానేసి పళ్ళు కొరుకుతోంది. "మీరు ఊరుకుంటారా?"

"ఊరుకోను. మీ ఆయన్ని చంపినవాణ్ని నా ప్రాణం ఉండగా వదలను."

అన్న అక్కడ పెద్ద శిల్పి. పని పూర్తయ్యాక పెద్ద శిల్పి తనకిష్టమైన బొమ్మ ఒకటి, తనకిష్టమైన చోట చెక్కుకోవడం ఆనవాయితీ. ముఖద్వారం మీద, గడియారం పక్కన మంచి చోటు చూపించాడు ఇంజనీరు.

"నీ తమ్ముడి ముఖం చెక్కు. వందేళ్ళుంటుంది."

"నాకు కిందే చాలండి. మూడో టికెట్టు కిటికీ ముందు రాయి ఇప్పించండి."

ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళు టికెట్లు తీసుకునే కిటికీ అది. అన్నిటికంటే పొడవైన వరస అక్కడే.

"నేల మీదా? అక్కడ ఎవరు చూస్తారయ్యా?"

"చూడక్కర్లేదండీ. తొక్కితే చాలు."

ఇంజనీరు ఆ రాయే ఇప్పించాడు.

గోనెపట్టా అడ్డం కట్టుకుని ఇరవై రోజులు చెక్కాడు. పట్టా తీశాక మరదలు వంగి చూసింది. టోపీ బాగా కిందికి దించుకున్న మగవాడి ముఖం.

"కళ్ళు చెక్కలేదేం?"

"కళ్ళుంటే తొక్కడానికి జనం జంకుతారమ్మా."

మొదటి అడుగు ఆమే వేసింది. మడమతో, గట్టిగా, రెండుసార్లు.

ఎండకు ఆ కట్టడం పనిలో అందరూ టోపీ పెట్టుకునేవాళ్ళే. అయినా జనం ఇంజనీరునే గుర్తుపట్టారు. ప్రారంభం నాడే వరసలోంచి ఎవరో అరిచారు.

"సార్, టికెట్టు మూడో కిటికీలో తీసుకోండి! మీ మొహం మీరే తొక్కుకోవచ్చు!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత ఇంజనీరు పక్క గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు శిల్పి దగ్గరికే వచ్చాడు.

"నా మీద ఇంత కక్షా నీకు?"

శిల్పి ఉలికి పదును పెడుతూనే ఉన్నాడు. ఏడాది తిరక్కుండానే ఇంజనీరు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. మరదలు నూలుమిల్లులో పనికి కుదిరి రోజూ ఆ వరసలోనే నిలబడుతోంది. శిల్పి ప్రతి ఆదివారం వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, రాయి ఎంత అరిగిందో వేలితో తడిమి చూసుకుంటాడు. మొదట టోపీ అంచు పోయింది. తర్వాత పెదవులు. ఈ ఏడు మళ్ళీ యుద్ధం మాటలు మొదలయ్యాయి. మేకుల బూట్ల సైనికులు వరస కట్టారు. గడ్డం కూడా చదునైపోయింది.

"ముక్కు గీత ఒక్కటే మిగిలింది బావగారూ," అంది మరదలు, దాని మీద మడమ రాస్తూ. "ఆ పాపిష్టివాడి ఆనవాలు కూడా ఉండకూడదు."

"ఉండదమ్మా," అన్నాడాయన.

జారిన ఆ ముడి వేసింది తానేనని, ఆమె రోజూ తొక్కుతున్నది తన ముఖమేనని చెప్పడం మాత్రం ఆయన వల్ల ఇంకా కాలేదు.