తిన్నని కుట్లు

"నాన్నా, దాన్ని తిరగెయ్యకు!"

రెత్నో అరిచేలోపే పార్మిన్ ఎర్ర అంగీని తిరగేసి లోపలి వైపు చూశాడు. ఆ మధ్యాహ్నమే సెమరాంగ్‌లో కామిక్ వేషాల పోటీ. కూతురి యువరాణి వేషం కోసం ఆయన మూడు వారాలు కూర్చుని కుట్టాడు. చేతులు వణకడం మొదలై కొట్టు మూసేశాక పట్టిన మొదటి పని అదే.

కుట్లు గీత గీసినట్టున్నాయి.

"ఇది నా కుట్టు కాదే."

"నీది కాకపోతే ఎవరిది నాన్నా?"

"ముప్పై ఏళ్లు పెళ్లికూతుళ్లకు కెబాయా రవికలు కుట్టినవాడికి చెప్తావా? విప్పి మళ్లీ కుట్టావు కదూ?"

"చంక దగ్గర మాత్రమే..."

"రెత్నో!"

"మొత్తం, నాన్నా. నువ్వు మసీదుకెళ్లినప్పుడల్లా. నీ కుట్లు పట్టుకుంటే ఊడొచ్చేవి. నువ్వేమో పాటలు పాడుకుంటూ కుట్టేవాడివి. ఎలా చెప్పను?"

పార్మిన్ రోజూ పొద్దున్నే పైకి తిన్నగా కనబడే ఆ కుట్లు చూసే, చెయ్యి కుదుటపడుతోందనుకున్నాడు. డాక్టరుకేం తెలుసనుకున్నాడు. కొట్టు మళ్లీ తెరుస్తానని నిన్ననే కొట్టు యజమాని సలీంకి కబురు పంపాడు.

"నేను కుడతాను నాన్నా. నువ్వు కొలతలు తీద్దువుగాని."

"కొలవాలంటే టేపు కదలకుండా పట్టుకోవద్దూ?"

ఆయన అంగీ మడతపెట్టబోయాడు. అది చేతుల్లోంచి జారింది. రెత్నో వంగి తీసుకుంది.

"వెళ్తూ వెళ్తూ సలీంకి చెప్పు," అన్నాడు పార్మిన్. "కొట్టు ఇంకెవరికైనా ఇచ్చుకోమను."