నాలుగు వందల పదహారు ఫోటోలు

"ఆల్బమ్ చెయ్యమ్మా. నాలుగు వందల పదహారు ఫోటోలు, అన్నీ నేనే తీశాను!" అంటూ బాబాయి ఫోను తెచ్చి అన్న కూతురి స్టూడియో కౌంటరు మీద దర్జాగా పెట్టాడు.

స్టూడియో తెరిచిన రోజు, "ఫోను చేతిలో ఉండగా నీ దగ్గరికెవడొస్తాడే?" అని అందరి ముందూ నవ్వింది ఈ బాబాయే. మొన్న తన కూతురి పెళ్లికి కూడా అన్న కూతుర్ని కెమెరా ఇంట్లో పెట్టి రమ్మన్నాడు.

ఆమె ఒక్కో ఫోటో జరుపుతూ పోయింది. సగం మందికి తలల్లేవు. ఒకదాంట్లో పెళ్లికొడుకు కంటే బాబాయి బొటనవేలే పెద్దగా పడింది.

"ఇందులో మీరేరీ బాబాయ్?"

"ఆ వేలు నాదేగా!" అని పకపకా నవ్వాడు. తర్వాత ఫోను లాక్కుని తనే వెతికాడు. వెతికిన కొద్దీ నవ్వు సన్నగిల్లింది.

"అమ్మాయి పక్కన నన్ను అతికించెయ్యవే," అన్నాడు చివరికి.

ఆమె బాబాయిని తెల్ల పరదా ముందు నిలబెట్టి లైట్లు వేసింది. "ఆ రోజు ఎలా ఉన్నారో అలాగే ఉండండి. నవ్వారా, ఏడ్చారా?"

బాబాయి ఓసారి నవ్వి చూశాడు, ఓసారి మొహం ముడిచి చూశాడు.

"గుర్తులేదమ్మా. బ్యాటరీ ఎంతుందో చూసుకోవడంతోనే సరిపోయింది."