కొట్టిన పిల్లాడి నాన్న

“నిన్న హైస్కూలు గేటు దగ్గర కొట్టిన పిల్లాడి ఇల్లు ఇదేనా అండీ?”

గుమ్మంలో నిలబడ్డావిడ చేతిలో పళ్ళ సంచి ఉంది. వాచీల మెకానిక్ తలూపి లోపలికి రమ్మన్నాడు. పొద్దుట్నుంచీ ఇలా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. అందరూ ఆ బళ్ళో చదివే పిల్లల అమ్మానాన్నలే. ముఖపరిచయం లేకపోయినా వీధిలో అడిగి ఇల్లు కనుక్కుంటున్నారు.

మంచం మీద కొడుకు పడుకుని ఉన్నాడు. కుడి మోచేతి నుంచి వేళ్ళ దాకా సిమెంటు కట్టు.

“ఎంత పని చేశాడు! వాడి చేతులు పడిపోను,” అందావిడ. “క్లాసులో చోటు కోసమటగా గొడవ?”

“కిటికీ పక్క చోటు. మావాడు లేవనన్నాడని గేటు బయట కాపుకాసి కర్రతో కొట్టాడు.”

“వాడి తండ్రి ఏమన్నాడు?”

మెకానిక్ దవడలు బిగుసుకున్నాయి. ఆ తండ్రి పెద్ద కాంట్రాక్టరు. స్టేషన్లో కుర్చీలో వెనక్కి వాలి, “పిల్లలన్నాక కొట్టుకోరా? మీవాడిది అగ్గిపుల్ల ప్రాణం, విరిగింది,” అని నవ్వాడు. ఆ నవ్వుకి ఎస్సై కూడా నవ్వాడు. హెడ్మాస్టరేమో, “గేటు బయట జరిగినదానికి మాకేం సంబంధమండీ?” అన్నాడు.

ఆవిడ వెళ్ళాక మెకానిక్ పనిబల్ల ముందు కూర్చున్నాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగును చిమటాతో పట్టుకున్నాడు. పట్టు జారింది. స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. ఇన్నేళ్ళుగా ఇల్లంతటికీ అన్నం పెట్టిన చెయ్యి అది. దాని పట్టు ఇలా తప్పడం అతను ఎన్నడూ ఎరగడు.

లేచి బావమరిదికి ఫోన్ చేశాడు.

“చేతికి చెయ్యిరా! పిల్లాడి జోలికి మాత్రం పోవద్దు, పసివాడు. తండ్రిది. కుడిచెయ్యి. మంచినీళ్ళ గ్లాసు ఎత్తాలన్నా ఇంకొకర్ని పిలవాలి.”

“నువ్వేనా బావా మాట్లాడేది? చీమను తొక్కితే అయ్యో అనుకునేవాడివి!”

“ఆ చీమను తొక్కినట్టే కదరా నన్నూ తొక్కారు. మనుషులున్నారా, లేరా?”

“ఎందుకు లేరు? క్వారీలో నా కింద బండలు పగలగొట్టే ముగ్గురున్నారు. నేనొస్తే ఎవరైనా గుర్తుపడతారు. వాళ్ళయితే నిన్నూ ఎరగరు, అవతలివాణ్ణీ ఎరగరు.”

“అయితే రాసుకో. వాడి పేరు...”

“ఆగాగు! ఫోన్లో పేరూ వద్దు, వ్యాపారమూ వద్దు, వీధీ వద్దు. రేపు పోలీసులు తవ్వితే అందరం కలిసి ఊచలు లెక్కపెట్టాలి. ఊరంతా గుప్పుమన్న గొడవ. గేటు దగ్గర కొట్టిన పిల్లాడి ఇల్లేదంటే ఎవరైనా చూపిస్తారు.”

“పొరపాటున ఇంకెవరి మీదైనా చెయ్యి పడిందో, దేవుడికి మొహం చూపించలేను.”

“వాళ్ళేం వెర్రివాళ్ళు కాదు బావా. ఆ మనిషి నోటితో అవుననిపించుకున్నాకే పని మొదలెడతారు.”

తప్పుచేసినవాడు తన నోటితోనే ఒప్పుకోవడం! మెకానిక్‌కి అది చాలా న్యాయంగా తోచింది.

ఫోన్ పెట్టేసి తిరిగితే వంటింటి తలుపు పట్టుకుని భార్య.

“తమ్ముడితో ఏంటండీ మంతనాలు?”

“నీకెందుకు?”

“అంతా విన్నాను. పొద్దున దేవుడి ముందు జోడించిన చేతులండీ అవి. అవే చేతులతో ఇంకొకరి చెయ్యి విరగ్గొట్టిస్తే, ఆయన మన మాట వింటాడా?”

“వినేవాడైతే నిన్న మనవాడి అరుపు వినేవాడు.”

ఆ మాటకు అతనే ఉలిక్కిపడ్డాడు. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

“ఆ ఇంట్లోనూ ఒక ఆడమనిషి ఉంటుంది కదండీ,” అంది ఆమె మెల్లగా. “మొగుడి చెయ్యి విరిగితే ఆవిడ గతేమిటి?”

“నువ్వు ఏడుస్తున్నావుగా. ఆవిడా ఏడవనీ.”

ఆమె కంచంలో అన్నం కలిపింది. కొడుక్కి చెంచాతో అన్నం పెట్టడానికి వెళ్ళిపోయింది.

పొద్దువాలుతుండగా ఫోన్ మోగింది.

“దిగారు బావా! స్కూలు పక్క జెరాక్సు షాపులో అడిగారట. షాపాయన పనొదిలి సందు మొగదాకా వచ్చి మరీ ఇల్లు చూపించాడట.”

“చూశావా, వాడంటే ఊరికెంత మంటో!”

నిన్నటి నుంచీ మొదటిసారి మెకానిక్ నవ్వాడు. మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. రేపు ఎవరైనా అడిగితే, ఆ సమయానికి ఇంట్లోనే ఉన్నానని చెప్పుకోవాలిగా. ముందుగదిలో కుర్చీ వేసుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎవరో తలుపు తట్టారు. భార్య తీసింది.

“ఎవరో ముగ్గురండీ. మనవాణ్ణి చూడ్డానికొచ్చినట్టున్నారు.”

ముగ్గురూ కండలు తిరిగిన మనుషులు. పళ్ళ సంచులేవీ తేలేదు. వెనకనున్నవాడు రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని ఒద్దికగా నిలబడ్డాడు. రెక్కాడితేగాని డొక్కాడనివాళ్ళలా ఉన్నారు, వీళ్ళు కూడా పని మానుకుని వచ్చారే అని మెకానిక్ మనసు కరిగింది. లేచి గుమ్మం దాకా వెళ్ళాడు.

ముందున్నవాడు మర్యాదగానే అడిగాడు.

“గేటు దగ్గర కొట్టిన పిల్లాడి నాన్న మీరేనా?”

“నేనే బాబూ,” అంటూ అతను కుడిచెయ్యి చాచాడు.