తొట్టిలో బాప్తీస్మం

“మూడేండ్లుగా వస్తాండారు అయ్యగారూ. మా జైల్లో ఒక్కడన్నా మారినాడా?”

జైలు సూపరింటెండెంట్ శివశంకర్ ఆ మాట అడిగి, పాస్టర్ ఆశీర్వాదం ముందు ఒక కాగితం పెట్టాడు. ప్రతి ఆదివారం లోపలికొచ్చి ఖైదీలకు ప్రార్థన చేయించే అనుమతి అది. గడువు ఆ రోజుతో సరి.

“మారతాండారు సార్. పోయిన వారం నరసన్న నా పాటకు చప్పట్లు కొట్టినాడు.”

నరసన్న పొలాల్లో బోరు మోటార్లు ఎత్తుకుపోయి దొరికిన దొంగ.

“దోమను కొట్టింటాడు. ఈ పొద్దు సాయంత్రంలోగా ఒక్కడు మారినట్టు చూపీండి, సంతకం పెడతా. లేకుంటే వచ్చే వారం నుంచి యోగా మాస్టరు వస్తాడు.”

రాజంపేటలో పాస్టర్ చర్చికి వచ్చేది పదకొండు మంది. ప్రసంగం అరగంట దాటితే తొమ్మిది మంది లేచిపోతారు. మిగతా ఇద్దరు నిద్ర లేచాక పోతారు. ఈ జైల్లో అయితే మూడు వందల మంది ఎంతసేపు చెప్పినా వింటారు. తలుపులకు తాళాలుంటాయి మరి. ఇలాంటి సంఘం భూమ్మీద ఇంకే పాస్టరుకూ దొరకదు.

“ఈ పొద్దే బాప్తీస్మం ఇస్తా సార్,” అన్నాడు తెగించి.

“ముంచేదానికి నీళ్లు యాడివి? మా బోరు ఎండిపోయి నెలన్నరాయ.”

“మా సంఘపోళ్లకు ఫోన్ చేసి ట్యాంకరు పంపమంటా.”

మధ్యాహ్నానికి ట్యాంకరొచ్చింది. ఆవరణలో ఎండి పడున్న సిమెంటు తొట్టి నిండింది. నమ్మినవాళ్లు ముందుకు రండని పాస్టర్ పిలిచాడు. పిలుపు పూర్తి కాకముందే నూట నలభై మంది వరుస కట్టారు. మే నెల ఎండ, ఉత్త కాళ్లు, కింద కాలిపోయే బండలు. అన్నం గంట కొట్టినా ఒక్కడు కదల్లేదు. పాస్టర్‌కు ఆనందంతో ఏడుపొచ్చింది.

మొదట నరసన్న దిగాడు.

“నీ పాపాలు ఒప్పుకుంటావా నరసన్నా?”

“అన్నీ ఒప్పుకుంటా అయ్యగారూ. పోలీసోళ్లు రాసుకోనివి కూడా. ముందు ముంచండి.”

తండ్రి పేరిట ఒకసారి, కుమారుని పేరిట ఒకసారి, పరిశుద్ధాత్మ పేరిట ఒకసారి ముంచాడు. నరసన్న పైకి రాలేదు. గొంతు దాకా నీళ్లలో కూర్చుని హాయిగా కళ్లు మూసుకున్నాడు.

“ఇంతేనా అయ్యగారూ? ఇంకెవరి పేరన్నా ఉండాదేమో బాగా గుర్తు తెచ్చుకోండి.”

పాస్టర్‌కు అనుమానమొచ్చింది. నీళ్ల మీద నురగ తేలుతోంది. నరసన్న చెయ్యి పైకెత్తించి చూస్తే చంకలో సబ్బుముక్క దొరికింది. రెండోవాడు ఉమామహేశ్, భుజాన నల్లబడిన దుప్పటితో తొట్టి ఎక్కబోతున్నాడు.

“అదెందుకురా?”

“ఇది నాకంటే పాపిష్టిది అయ్యగారూ. దీన్నీ ముంచండి.”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. బోరు ఎండినప్పటి నుంచి మనిషికి రోజుకు నాలుగు చెంబుల నీళ్లు. వారానికి ఒక స్నానమని గోడ మీద రాసుంది గానీ, ఏ వారమో రాయలేదు. నరసన్న పక్కన పడుకునే ఖైదీ అయితే, తాను ఇప్పటికే రెండు శిక్షలు అనుభవించేశానని కోర్టుకు అర్జీ పెట్టుకున్నాడు.

తొట్టి పక్కన అల్లా బాషా కూడా నిలబడి ఉన్నాడు. పాస్టర్ నోరెళ్లబెట్టాడు.

“ఏమప్పా బాషా, నువ్వు ఐదు పూటలా నమాజు చేసేవాడివి గదా! నువ్వెందుకొచ్చినావు?”

“నన్ను ముంచొద్దు అయ్యగారూ. ఊరికే ఈడ నిలబడతా. వాళ్లను ముంచేటప్పుడు ఎగిరిపడే నీళ్లు సాలు నాకు.”

పాస్టర్ తొట్టి గట్టెక్కి అరిచాడు. “స్నానం కోసం కాకుండా, దేవుని కోసం వచ్చినోళ్లు ఎవురన్నా ఉంటే చెయ్యెత్తండప్పా!”

ఒక్క చెయ్యీ లేవలేదు. లేచే వీలూ లేదు. వరుసలో ప్రతివాడూ ముందువాడి వీపుకు సబ్బు రాస్తున్నాడు.

ఇదంతా శివశంకర్ వరండాలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వేలు ఊపి పాస్టర్‌ను లోపలికి రమ్మన్నాడు.

తడి బట్టలతో వెళ్లి నిలబడ్డాడు పాస్టర్. ఆయన కింద చిన్న మడుగు కట్టింది.

“ఓడిపోయినా సార్. ఒక్కడూ మారలేదు. అబద్ధం చెప్పి అనుమతి తీసుకోలేను. యోగా మాస్టరునే పిలిపించుకోండి.”

శివశంకర్ కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. మీద సీలు కూడా గుద్దాడు.

“ఒక సంవత్సరానికి ఇచ్చినా.”

పాస్టర్ కాగితం అందుకుని కళ్లకద్దుకున్నాడు. “సార్... దేవుడు మీ మనసునే మార్చేసినాడా సార్?”

శివశంకర్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు బాగా తగ్గించాడు.

“వచ్చే ఆదివారం రెండు ట్యాంకర్లు తెప్పీండి అయ్యగారూ. మా స్టాఫ్ క్వార్టర్లలో పద్దెనిమిది కుటుంబాలు విశ్వాసంలోకి వచ్చినాయి.”